వెనక తేదీతో ఆ సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది నాయుడుపేట దగ్గర పల్లె. చెన్నైలో ఒక కేంద్ర భద్రతా సంస్థలో, స్టోర్స్ సెక్షన్‌లో గుమస్తాగా ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నాను. కొరట్టూరులో అద్దెకుంటున్నాం. సంస్థ పేరు రాయను, మన్నించండి.

మా దగ్గరున్న 9 ఎంఎం పిస్టళ్లలో ఒక బ్యాచ్ వచ్చి ఎనిమిదేళ్లు కూడా కాలేదు. హిస్టరీ కార్డులు చూస్తే ఏ ఒక్కటీ 400 రౌండ్లు దాటలేదు. వాటిలో 42 పిస్టళ్లను బీఈఆర్ అని, అంటే రిపేరు చేయించినా ఖర్చు దండగ అని బోర్డు పేపర్లు తయారు చేశారు. కొత్తవి కొనడానికి ఇండెంట్ అంతకు రెండు నెలల ముందే వెళ్లిపోయింది. టెండర్ స్పెసిఫికేషన్ ఒకే కంపెనీ కేటలాగు ఎదురుగా పెట్టుకుని రాసినట్టుంది. పాత పిస్టళ్లను సప్లయరే తీసుకెళ్లి, కొత్త బిల్లులో కొంత తగ్గిస్తాడని నోట్‌లో ఒక వాక్యం ఉంది. ఇప్పుడు ఆ 42 ఆయుధాలనూ ‘భౌతికంగా సరిచూశాను’ అన్న సర్టిఫికెట్ మీద నన్ను వెనక తేదీతో సంతకం పెట్టమంటున్నారు. నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు. ఆయుధాలు చూసుకుని బాగుచేసే ఆర్మరర్‌ని కదిపితే ‘నాకెందుకు సార్’ అని తప్పుకున్నాడు.

సంతకం పెట్టమన్నది మా సూపరింటెండెంటే. గూడూరాయన. నేను చెన్నై వచ్చిన కొత్తలో రెండు నెలలు వాళ్లింట్లోనే తిన్నాను. అన్నా అని పిలుస్తాను. ఇద్దరు పిల్లలు, అమ్మ మందులు, అన్నీ ఈ ఉద్యోగం మీదే. సంతకం పెట్టెయ్యనా? ఆకాశరామన్న ఉత్తరం రాయనా? పేపరు వాళ్లకి పంపనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు అడిగారు, మూడింటికీ ముందే చెప్పేస్తాను. సంతకం పెట్టకండి. ఆకాశరామన్న ఉత్తరం రాయకండి. పేపరు వాళ్లకి ఏమీ పంపకండి. నాలుగో దారి ఒకటుంది, అది మీ రూల్సులోనే ఉంది. దాని సంగతికి వచ్చే ముందు, ఆ సంతకం అంటే నాకెందుకింత భయమో చెప్పాలి.

నేను ఆడిట్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తుపాకీ పేల్చడం నాకు రాదు. కానీ తుపాకీ గదిలోంచి పోయే ముందు పుస్తకంలోంచి పోతుందని మాత్రం కళ్లారా చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసుకి స్టోర్స్ తనిఖీకి వెళ్లాం. కండెమ్ చేసిన, అంటే పనికిరావని తేల్చిన .303 రైఫిళ్లు అరవై, పంపించడానికి సిద్ధంగా చెక్కపెట్టెల్లో సర్ది ఉన్నాయి. లిస్టు శుభ్రంగా టైపు చేసి ఉంది. కింద స్టోర్‌కీపర్ సంతకం, బోర్డు సభ్యుల సంతకాలు. మా పెద్దాఫీసరు ఆ లిస్టు మడిచి జేబులో పెట్టుకుని, ‘పెట్టెలు తెరిపించమ్మా, నంబర్లు నువ్వే చదువు’ అన్నారు.

రైఫిళ్లకి గ్రీజు దట్టంగా పూసి ఉంది. అంకెలు కనపడవు. అక్కడి ఆర్మరర్, పెద్దాయన, నాకొక ఉపాయం నేర్పాడు. కాటన్ వేస్టుతో గ్రీజు తుడిచి, నంబరు కొట్టిన చోట సుద్దముక్క అడ్డంగా రుద్ది, బొటనవేలితో పైపైన తుడవాలి. సుద్ద గాట్లలో మాత్రం మిగిలి అంకెలు తెల్లగా తేలతాయి. బట్ మీద, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం మీద రంగుతో వేసే నంబరు వేరు, బాడీ మీద కొట్టిన నంబరు వేరని కూడా ఆయనే చెప్పాడు. డ్యూటీకి తీసుకెళ్లే వాళ్లకి నోటికొచ్చేది బట్ నంబరే. ఆ రంగు నంబరు పది నిమిషాల్లో చెరిపి ఇంకోటి వెయ్యొచ్చు. ఆయుధం అసలు పేరు బాడీ మీద ఉంటుంది.

మధ్యాహ్నం అన్నం వేళకి యాభై ఏడు సరిపోయాయి. మిగిలిన మూడింటికి బట్ నంబర్లు లిస్టుతో కలిశాయి. బాడీ మీద నంబరుండాల్సిన చోట మాత్రం ఆకురాయితో రాసిన గీతలున్నాయి. బ్యారెల్ వెనక భాగంలో చిన్న రంధ్రం, దాన్ని దేనితోనో పూడ్చి నల్లరంగు వేశారు. పెద్దాయన గోరుతో ఆ రంగు గీకి, నా వైపు చూసి, ఏమీ అనకుండా పెట్టె మీద కూర్చుండిపోయాడు. అవి డీపీ రైఫిళ్లు. డ్రిల్ పర్పస్, అంటే కవాతు నేర్పడానికి తూటా పేలకుండా చేసి ఉంచేవి. మూడు మంచి రైఫిళ్లు తప్పించి, వాటి స్థానంలో ఇవి పెట్టి కండెమ్ లిస్టులో కలిపేశారు. ఆ మంచివి మూడూ ఎక్కడికి పోయాయో నేను రిటైరయ్యే దాకా తెలియలేదు.

సస్పెండైంది స్టోర్‌కీపరు. అతనూ మీలాగే రైఫిళ్లు చూడలేదు, పెట్టమంటే పెట్టాడు. పెట్టమన్నవాళ్లు నోటితో చెప్పారు, కాగితం మీద ఎక్కడా లేరు. ‘భౌతికంగా సరిచూశాను’ అన్న మాట కింద ఉన్నది అతని పేరొక్కటే. అతని భార్య చంటిపిల్లని ఎత్తుకుని మా ఆఫీసు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్న రోజు నాకింకా గుర్తుంది. మీ ఉత్తరంలో ‘వెనక తేదీతో’ అన్న మాట చదవగానే ఆమే కళ్లముందుకొచ్చింది.

ఇప్పుడు మీ ఆఫీసు సంగతి. మీరు నాలుగు విషయాలు విడివిడిగా రాశారు. అవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉన్నాయి. ఏ యూనిట్‌కైనా ఇన్ని పిస్టళ్లని ఒక మంజూరు సంఖ్య ఉంటుంది. చేతిలో ఉన్నవి హోల్డింగ్. ఆ రెండూ సమానంగా ఉన్నంతకాలం కొత్తది ఒక్కటి కొనాలన్నా ఫైనాన్స్ వాళ్లు ఫైలు వెనక్కి కొడతారు. కొనాలంటే లోటు కనపడాలి. లోటు రావాలంటే ఉన్నవి లెక్కలోంచి పోవాలి. ఉన్నవి బాగానే ఉంటే, బాగాలేవని రాయాలి. సరైన పద్ధతిలో ముందు ఆయుధం పాడవుతుంది, తర్వాత ఆర్మరర్ చూస్తాడు, తర్వాత బోర్డు కూర్చుంటుంది, ఆ తర్వాతే ఇండెంట్ వెళ్తుంది. మీ దగ్గర ఇండెంట్ ముందు వెళ్లింది, బోర్డు పేపర్లు వెనకొచ్చాయి, సరిచూసిన సర్టిఫికెట్ అన్నిటికంటే చివర, అదీ అన్నిటికంటే ముందు తేదీతో. వెనక తేదీ ఎందుకు అడుగుతున్నారో అర్థమైంది కదా? ఆ తేదీ లేకపోతే వరస తలకిందులైందని ఫైలు తెరిచిన ఎవరికైనా తెలిసిపోతుంది.

బీఈఆర్ అని బల్ల దగ్గర కూర్చుని రాయడానికి లేదు. ఆర్మరర్ గేజ్ పెట్టి బ్యారెల్ ఎంత అరిగిందో కొలవాలి, ఏ భాగం పోయిందో రాయాలి, దాన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో అంచనా వెయ్యాలి. 42 పిస్టళ్లకి 42 ఇన్‌స్పెక్షన్ షీట్లు ఉండాలి. మంచి సర్వీసు పిస్టల్ వేల రౌండ్లు తట్టుకుంటుంది. ముందుగా నీరసించేవి స్ప్రింగులు, అవి మార్చుకునే సామానే. 400 రౌండ్లు దాటని పిస్టళ్లు, ఒక బ్యాచ్‌లోవి, ఒకే రోజున, ఒకే కారణంతో పనికిరాకుండా పోయాయంటే ఆ షీట్లు చూడాల్సిందే. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో కూడా ఒక వస్తువును పనికిరాదని తేల్చేటప్పుడు కారణం రాతపూర్వకంగా ఉండాలనీ, ఎవరి నిర్లక్ష్యం వల్లో మోసం వల్లో పాడైతే బాధ్యులెవరో తేల్చాలనీ ఉంది. గేజ్ పట్టుకోవాల్సిన మనిషి ‘నాకెందుకు సార్’ అన్నాడని రాశారు. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో ఆ మాటే ఎక్కువ చెప్పింది.

అలాగని రౌండ్లు తక్కువ కాలిస్తే మార్చకూడదని కూడా అనుకోకండి. ఫ్రేమ్‌లో పగుళ్లు రావచ్చు. ఒక బ్యాచ్ మొత్తంలో తయారీ లోపం బయటపడొచ్చు. విడిభాగాలు దొరక్కపోవచ్చు. సముద్రపు గాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో చెన్నైలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, మన ఇళ్ల గ్రిల్సే సాక్ష్యం. ఒక్కోసారి విధానమే మారుతుంది. అమెరికాలో 1986 ఏప్రిల్ 11న మయామీ కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకుంది. మన తూటాలు చాల్లేదని సమీక్షలో తేల్చుకుని 10 ఎంఎంకి వెళ్లారు, అక్కడి నుంచి .40కి, 2016 ప్రాంతంలో మళ్లీ 9 ఎంఎంకే వచ్చారు. ప్రతిసారీ పనిచేసే పిస్టళ్లే పక్కకి పోయాయి. కానీ ఎందుకు మారుస్తున్నారో రాసిపెట్టారు, అది చదివి కాదనేవాళ్లు కాదన్నారు. మీ బోర్డు పేపర్లలో అలాంటి కారణం ఒక్కటైనా ఉందేమో ముందు చూడండి.

మనదేశంలో దీనికి పూర్తిగా ఎదురు కథ ఉంది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో .303 రైఫిల్‌కి కాలం చెల్లిందని 1995లోనే అన్నారు. దానికి అక్కడి పోలీసులు వీడ్కోలు చెప్పింది 2020 జనవరి 26 పరేడ్‌లో. పాతికేళ్లు! 2008 నవంబర్ 26 రాత్రి ముంబైలో ఏకే-47లకి ఎదురుగా పోలీసులు .303లతో నిలబడ్డారు. కసబ్‌ని పట్టుకున్న తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ. మార్చాల్సిన చోట మార్చడానికి డబ్బుల్లేవంటారు. మార్చనక్కర్లేని చోట ఎనిమిదేళ్లకే మారుస్తారు. ఆ 42 పిస్టళ్ల డబ్బుతో ఎక్కడో ఒక ఔట్‌పోస్టులో కానిస్టేబుళ్లకి సరైన బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వచ్చేవి.

లెక్కలో తేడా కనపడగానే దొంగతనమని రాసెయ్యకండి. దీనికి పక్కనే ఉదాహరణ ఉంది. 2020 ఫిబ్రవరిలో కేరళ అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో, తిరువనంతపురం స్పెషల్ ఆర్మ్‌డ్ పోలీస్ బెటాలియన్‌లో 25 ఇన్సాస్ రైఫిళ్లు, 12,061 తూటాలు లెక్కకు రాలేదని ఉంది. దేశమంతా గగ్గోలైంది. తర్వాత క్రైమ్ బ్రాంచి వాళ్లు రైఫిళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, రైఫిళ్లేవీ పోలేదని చెప్పారు. అవి ఇంకో క్యాంపుకి ఇచ్చినవి, రిజిస్టర్లే సరిగ్గా లేవు. తూటాల సంగతి అలా తేలిపోలేదు, 250 తూటాల లోటు కనపడకుండా నకిలీవి పెట్టారని అదే నివేదిక చెప్పింది. ఒకే గదిలో ఒక తేడా గుమస్తా పొరపాటు, ఇంకో తేడా కావాలని చేసింది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే మీరు చూసింది మాత్రమే రాయాలి, ఊహించింది రాయకూడదు.

సప్లయరే పాతవి తీసుకెళ్తాడన్న వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. టి.నగర్‌లో ఫ్రిజ్ కొంటే పాతది కుర్రాళ్లొచ్చి టెంపోలో వేసుకుపోతారు, బిల్లులో రెండు వేలు తగ్గిస్తారు. పిస్టల్‌కి ఆ పద్ధతేంటి? 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడి చేతికి తుపాకీ ఇవ్వడమే నేరం. కండెమ్ అయిన సర్కారు ఆయుధం చెప్పిన డిపోకి చేరాలి, ముక్కలు చేయాలి, ఆ కాగితం తిరిగొచ్చి మీ రిజిస్టర్‌లో నంబరు ఎదురుగా అతికితే అప్పుడు ఆ లైను ముగుస్తుంది. నా సర్వీసులో ఇలాంటి వాక్యం నేనెప్పుడూ చూడలేదు.

అమెరికాలో అయితే ఇది మామూలే. పోలీసు విభాగాలు పాత పిస్టళ్లు డీలర్‌కి ఇచ్చి కొత్తవాటి ధరలో తగ్గించుకుంటాయి, డీలర్ వాటిని జనానికి అమ్ముతాడు. 2024లో ది ట్రేస్, రివీల్, సీబీఎస్ న్యూస్ విలేకరులు కలిసి ప్రభుత్వ రికార్డులు తిరగేస్తే, ఒకప్పుడు పోలీసులవైన తుపాకులు 2006 నుంచి కనీసం 52,529 నేరాలకి సంబంధించి దొరికాయని తేలింది. చట్టం ఒప్పుకునే చోట పరిస్థితి అది.

మన దగ్గర చట్టం ఒప్పుకోదు కాబట్టి వేరే దారిన వెళ్తాయి. 2018లో బీహార్‌లోని ముంగేర్‌లో ఏకే-47లు వరసగా దొరికాయి, కొన్ని బావిలోంచి తీశారు. తీగ లాగితే డొంక జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డ్‌నెన్స్ డిపోలో కదిలింది. పనికిరావని పక్కన పెట్టిన రైఫిళ్లు, వాటి భాగాలు డిపోలోంచి బయటికొచ్చి, మళ్లీ బిగించుకుని అమ్ముడుపోయాయన్నది కేసు. పట్టుబడ్డవాళ్లలో రిటైరైన ఆర్మరర్ ఒకడు, స్టోర్‌లో పనిచేసే ఉద్యోగి ఒకడు. మీ కుర్చీ లాంటి కుర్చీయే. ఇంకోటి రాంపూర్ కేసు. 2010 ఏప్రిల్ 6న దంతెవాడలో మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. అదే నెలలో ఉత్తరప్రదేశ్ పోలీసుల స్పెషల్ టాస్క్ ఫోర్స్ రాంపూర్‌లో తూటాల ముఠాని పట్టుకుంది. ప్రాక్టీసులో కాల్చేశామని లెక్క రాసి, ఖాళీ తొడుగులతో లెక్క సరిపెట్టి, మంచి తూటాలు బయట అమ్మేశారు, అవి మావోయిస్టులకి చేరాయన్నది కేసు. అందులో భద్రతా బలగాల వాళ్లే ఉన్నారు. 2023 అక్టోబరులో కోర్టు 24 మందికి పదేళ్ల జైలు వేసింది. పదమూడేళ్ల తర్వాత! అప్పటికి ఎంతమంది రిటైరై మనవల్ని ఆడించుకుంటూ ఉండి ఉంటారు? ఎనిమిదేళ్ల తర్వాత మీ సర్టిఫికెట్ ఎవరైనా బయటికి తీస్తే మీ పిల్లలు ఏ క్లాసులో ఉంటారో లెక్కేసుకోండి.

టెండర్ సంగతి మీ బల్ల మీదికి రాదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. కొలతలు కొంత అటూ ఇటూ ఉండొచ్చని లేకుండా మిల్లీమీటరు దాకా ఒకే అంకె రాయడం, సరుకు ఇవ్వడానికి గడువు మరీ తక్కువ పెట్టడం, చివరికి ఒకే బిడ్ రావడం, ఇవన్నీ పాత పద్ధతులే. కేంద్ర బలగాల ఆయుధాలకి హోంశాఖ ఆమోదించిన క్యూఆర్‌లు, అంటే ఆయుధానికి ఉండాల్సిన లక్షణాల జాబితాలు ఉంటాయి, మీ స్పెసిఫికేషన్ వాటికి సరిపోతుందో లేదో చూసేవాళ్లు చూస్తారు. ఒకే సప్లయర్‌తో కొనకూడదని కూడా లేదు. ఇందాక చెప్పిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 166వ రూలు కొన్ని కారణాలకి ఒప్పుకుంటుంది, కానీ కారణం రాయాలి. 2017లో ఇదే చెన్నైలో రాష్ట్ర పోలీసులకి వాకీటాకీలు కొన్నప్పుడు టెండర్‌కి మిగిలింది ఒకే సంస్థ. 47.56 కోట్లు మంజూరైన చోట 83.45 కోట్లకి ఆర్డర్ పెట్టారని హోం సెక్రటరీయే డీజీపీకి ప్రశ్నలు రాశారు. ఆ ప్రశ్నలు అడగడం పైవాళ్ల పని, వాళ్లకి అధికారం ఉంది. మీకున్నది ఒక సర్టిఫికెట్. దాని మీదే నిలబడండి.

ఇక నాలుగో దారి. కేంద్ర ఉద్యోగుల నడవడి నిబంధనలు, అంటే సీసీఎస్ కండక్ట్ రూల్స్ 1964లో మూడో రూలు తీసి చదవండి. పై అధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలి. నోటితో చెబితే, కిందివాడు వీలైనంత త్వరగా దాన్ని రాతలో ధ్రువీకరించమని అడగాలి, అలా ధ్రువీకరించడం పైవాడి విధి. ఇది ఎదురు తిరగడం కిందికి రాదు, మీ డ్యూటీ. కాబట్టి రేపు ఒక చిన్న నోట్ పెట్టండి. ‘ఫలానా తేదీన మౌఖికంగా చెప్పిన సర్టిఫికెట్ విషయమై మనవి. సదరు 42 ఆయుధాలను నేను ఇంతవరకు భౌతికంగా సరిచూడలేదు. ఆర్మరర్ సమక్షంలో ఆయుధాల గది (కోత్)లో సరిచూసేందుకు అనుమతి ఇప్పించగలరు. సర్టిఫికెట్‌పై వేయవలసిన తేదీ గురించి రాతపూర్వకంగా ఆదేశించగలరు.’ అంతే, ఇంకొక్క ముక్క ఎక్కువ వద్దు. అనుమానం, ఆరోపణ, టెండర్, ఏవీ అందులో రానివ్వకండి. ఈ-ఆఫీస్ ఉంటే అందులోనే పెట్టండి. కాగితమే అయితే డైరీ నంబరు వేయించండి.

చాలాసార్లు వ్యవహారం ఇక్కడే ఆగిపోతుంది. ‘సరే, వెళ్లి చూసి ఇవాళ్టి తేదీ వెయ్యి’ అని రాయాల్సి వస్తుంది, లేదా ఆ సర్టిఫికెట్ ఇంకెవరి బల్ల మీదికో వెళ్తుంది. వెనక తేదీ వెయ్యమని ఎవరూ సంతకం చేసి రాయరు.

ఆ సర్టిఫికెట్ ఇంకొకరి చేత పెట్టించారని, పిస్టళ్లు సప్లయర్ బండి ఎక్కబోతున్నాయని మీకు రూఢిగా తెలిస్తే అప్పుడు ఊరుకోకూడదు. దానికి కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఉంది. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతి గురించి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబేని 2003 నవంబర్‌లో గయలో చంపేశారు. పేరు బయటపెట్టొద్దని ఆయన అడిగినా బయటపడింది. ఆ తర్వాతే 2004లో పిడ్‌పీ అనే తీర్మానం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద ఫిర్యాదు చేసేవాళ్ల పేరు దాచి ఉంచే ఏర్పాటు అది. పద్ధతి జాగ్రత్తగా పాటించాలి. కవరు అంటించి, పైన ‘కంప్లయింట్ అండర్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్’ అని ఇంగ్లీషులో రాసి, కార్యదర్శి, కేంద్ర విజిలెన్స్ కమిషన్, సతర్కతా భవన్, ఐఎన్‌ఏ, న్యూఢిల్లీ చిరునామాకి పోస్టులో పంపాలి. కవరు మీద మీ పేరు వద్దు. లోపల మాత్రం పేరు, చిరునామా ఉండాలి, అవి లేని ఫిర్యాదు తీసుకోరు. ఆకాశరామన్న ఉత్తరం వద్దన్నది అందుకే. అది బుట్టలోకి పోతుంది, పైగా ఆఫీసులో ‘రాసింది ఎవడు’ అన్న వేట మొదలవుతుంది. కాపీ ఇంకెవరికీ పంపకండి. నలుగురికీ పంపాక పేరు దాచమంటే కమిషన్ దాచలేదు. అందినట్టు మీకు రసీదు రాదు, కంగారు పడి మళ్లీ మళ్లీ రాయకండి. మీరే రాశారా అని ధ్రువీకరణ అడుగుతూ ఉత్తరం వస్తే మాత్రం వెంటనే జవాబివ్వండి. ఆ తర్వాత వేధింపులు మొదలైతే కమిషన్‌కే చెప్పుకోవచ్చు.

2014లో విజిల్ బ్లోయర్స్ చట్టం వచ్చింది కదా అంటారేమో. పార్లమెంటు చేసింది, కానీ అమల్లోకి తేలేదు. దాన్ని నమ్ముకుని అడుగెయ్యకండి. ఈ పేజీ చదివే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి పిడ్‌పీ వర్తించదు, తమిళనాడులో వాళ్ల దారి డీవీఏసీ, అంటే రాష్ట్ర విజిలెన్స్, అవినీతి నిరోధక విభాగం.

ఒక హెచ్చరిక. రిజిస్టర్ ఫొటోలు తియ్యకండి. ఆయుధాల సంఖ్యలు, నంబర్లు ఉన్న పేజీ మీ ఫోన్లో ఉంటే, అది పేపరు వాళ్లకి చేరితే, 1923 అధికార రహస్యాల చట్టం మీ మీదికే తిప్పుతారు. అప్పుడు కథ పిస్టళ్ల గురించి ఉండదు, మీ గురించి అవుతుంది. ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు, ఏ మాటల్లో చెప్పారో రాసుకోండి. ఏ రిజిస్టర్, ఏ పేజీ అన్నది చాలు. విచారణాధికారి ఆ పేజీ తనే తెప్పించుకుంటాడు.

మీ గూడూరు అన్నగారి విషయం రాయడానికి నాకు కష్టంగా ఉంది. పరాయి ఊళ్లో మొదటి రెండు నెలలు అన్నం పెట్టిన మనిషి. భాష రాని చోట ఆ రెండు నెలల విలువేంటో నాకు తెలుసు, నేనూ మద్రాసుకి ఇరవై మూడేళ్లప్పుడు ఒక ట్రంకు పెట్టెతో వచ్చినదాన్నే. మీరు ఆయన్ని దొంగ అనుకోవాలని నేను చెప్పను. ఆయన మీద కూడా పైనుంచి ఎవరో కూర్చుని ఉండొచ్చు. నోట్ పెట్టే ముందు ఆయనకి చెప్పండి, ఆఫీసులో వద్దు, ఇంటికెళ్లండి. ‘అన్నా, నేను చూడనిదాన్ని చూశానని రాయలేను. రేపు ఎవరైనా పెట్టె తెరిస్తే మొదట నా పేరు పలుకుతారు, ఆ వెంటనే మీ పేరు. నోట్ పెడుతున్నాను, మీరు పైకి పంపండి’ అని చెప్పండి. ఆయన తెలివైనవాడైతే ఆ నోట్ తనకి కూడా గొడుగని గ్రహిస్తాడు. గుమస్తా రాతలో అడిగాడు, నేనేం చెయ్యను సార్ అని పైవాళ్లకి చెప్పుకోవడానికి ఆయనకీ ఒక కాగితం దొరుకుతుంది. కోప్పడితే పడండి. వదినగారు భోజనం చేసి వెళ్లమంటే చేసి రండి. విజిలెన్స్ ఫిర్యాదు దాకా వెళ్తే మాత్రం ఆ మాట ఆయనకీ చెప్పకూడదు, ఇంకెవరికీ చెప్పకూడదు.

ఇబ్బందేమీ ఉండదని నేను మాటివ్వలేను. బదిలీ రావచ్చు. ఏటా రాసే పనితీరు రిపోర్టులో ఒక పొడి వాక్యం పడొచ్చు. కొన్నాళ్లు టీ దగ్గర ఎవరూ పక్కన నిలబడకపోవచ్చు. ఇవన్నీ నేను చూశాను, ఇవన్నీ గడిచిపోతాయి, జీతం ఆగదు, అమ్మ మందులు ఆగవు. సస్పెన్షన్ అయితే పూర్తి జీతం రాదు. ఈ విషయం మీ ఆవిడకి చెప్పారో లేదో రాయలేదు. ఇవాళే చెప్పండి. మీకు నిద్ర పట్టడం లేదని ఆవిడకి ఈపాటికే తెలిసి ఉంటుంది, కారణం తెలియక ఇంకా భయపడుతూ ఉంటుంది.

నోట్‌కి అనుమతి వస్తే ఒంటరిగా కోత్‌లోకి వెళ్లకండి. ఆర్మరర్‌తో పాటు ఇంకొకరు ఉండాలి. ప్రతి పిస్టలూ ఖాళీగా ఉందని ఆర్మరర్ చేత ముందు తెరిపించి చూపించుకోండి. లిస్టు చేత్తో పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోవద్దు, కళ్లు లిస్టులో ఉన్న అంకెనే చదువుతాయి. లిస్టు మూసి, తెల్లకాగితం మీద బాడీ నంబరు, పైన జారే స్లైడ్ నంబరు, బ్యారెల్ మీద ఉంటే అది కూడా, మీ చేత్తో రాయండి. బాడీకి, స్లైడ్‌కి నంబర్లు వేరుగా ఉంటే అది కూడా రాయండి. 42 అయ్యాకే లిస్టు తెరిచి పోల్చండి. 42 కలిస్తే ఆ రోజు తేదీతో 42 చూశానని రాయండి. 41 కనిపిస్తే 41 అని రాయండి. ఆ గదుల్లో వెలుతురు ఉండదు, చిన్న టార్చి తీసుకెళ్లండి. జేబులో ఒక సుద్దముక్క కూడా వేసుకోండి.